ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో గొడవలు తగ్గించుకోవడం ఎలా?

ఒకరికి అయిదేళ్ళు, ఇంకొకరికి రెండేళ్ళు ఉన్న ఇంట్లో ఒక కేక రోజంతా వినిపిస్తూనే ఉంటుంది: "అమ్మా, చూడు వీడు!" ఆ కేక వినగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తడం, ఎవరిది తప్పో తేల్చడం, ఒకరిని తిట్టి ఇంకొకరిని ఊరుకోబెట్టడం, మళ్ళీ పనిలో పడేలోగా ఇంకో కేక. చాలామంది అమ్మానాన్నల ఓపిక అక్కడే అయిపోతుంది. నేను చెప్పేది ఆ కేకకి ముందు చేసుకోవలసిన పని గురించి. అన్నదమ్ములైనా అక్కాచెల్లెళ్ళైనా, చిన్నపిల్లల గొడవలు చాలావరకు అవే వేళల్లో, అవే వస్తువుల దగ్గర వస్తాయి. ఆ వేళనీ ఆ చోటునీ ముందే సర్దిపెట్టుకుంటే మీరు తీర్పు చెప్పాల్సిన అవసరం చాలా తగ్గుతుంది.

రాయడానికి వీలుగా పెద్దపిల్లని పాప అనీ, చిన్నవాణ్ణి బాబు అనీ అంటాను. మీ ఇంట్లో వరస వేరైనా పద్ధతి ఇదే.

మొదట ఒక వారం గమనించండి

వంటింట్లో చేతికందే చోట ఒక కాగితం, పెన్ను పెట్టుకోండి. గొడవ సద్దుమణిగాక మూడు సంగతులు రాయండి: టైమ్ ఎంత, దేని కోసం, ఆ క్షణంలో మీరేం చేస్తున్నారు. ఎవరిది తప్పో మాత్రం రాయొద్దు. అది రాయడం మొదలుపెడితే వారం తిరిగేసరికి మీ చేతిలో ఒక బిడ్డ మీద ఫిర్యాదుల చిట్టా తప్ప ఇంకేమీ మిగలదు.

వారం తర్వాత ఆ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది. పాప స్కూల్ నుంచి వచ్చిన మొదటి అరగంట, రాత్రి భోజనానికి ముందు, మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు, అందరూ బయటికి బయల్దేరేటప్పుడు... ఇలా మూడు నాలుగు వేళలే పదే పదే కనిపిస్తాయి. ఆ వేళల్లో ఎక్కువగా ఉండేవి ఆకలి, నిద్ర, లేకపోతే మీ ధ్యాస వేరే చోట ఉండటం.

నిద్ర సంగతి ముందు చూడండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం, ఏడాది నుంచి రెండేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటలు, 3 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. మీ పిల్లల నిద్ర నాలుగైదు రోజులు లెక్కేసి చూడండి. బాబుకి తొమ్మిది గంటలే పడుతుంటే, సాయంత్రం వాడు అక్క జుట్టు పట్టుకుని లాగడాన్ని క్రమశిక్షణ సమస్యగా చూడక్కర్లేదు. వాడికి నిద్ర చాలట్లేదు, అంతే. అలాగే రాత్రి భోజనానికి ముందు రోజూ యుద్ధమే అవుతుంటే, ఆ భోజనాన్ని ఒక అరగంట ముందుకి జరపండి. పిల్లలకి బుద్ధి చెప్పే ప్రయత్నం ఏదైనా దీని తర్వాతే.

వస్తువుల్ని మూడు వాటాలు చేయండి

నా దృష్టిలో ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం బొమ్మలన్నీ నేల మీద పోసి, పాపని పక్కన కూర్చోబెట్టుకుని విడదీయండి. ఒక పెట్టె పాపది, ఒక పెట్టె బాబుది. మిగిలినవి ఇద్దరివీ.

పాప పెట్టెలో ఉన్నది పాపదే. తను ఇస్తేనే బాబు తీసుకోవాలి. "వద్దు" అంటే వద్దనే. ఇక్కడే చాలా ఇళ్ళల్లో మాట తప్పుతాం. బాబు ఏడుపు అందుకోగానే మన నోటికి వచ్చేసే మాట: "అక్కవి కదా తల్లీ, ఇచ్చెయ్. చిన్నవాడు, వాడికేం తెలుసు?" ఆ మాటతో ఇల్లు ఆ నిమిషానికి ప్రశాంతమవుతుంది. కానీ ఇద్దరూ ఒక్కో పాఠం నేర్చుకుంటారు. ఏడిస్తే వస్తువు చేతికి వస్తుందని బాబుకి తెలుస్తుంది. ఈ ఇంట్లో తనదంటూ ఏదీ ఉండదని పాపకి తెలుస్తుంది. అక్క అవ్వడం పాప అడిగి తెచ్చుకున్న పదవి కాదు. అయిదేళ్ళ పిల్ల కూడా చిన్నపిల్లే. తన వస్తువు తన దగ్గరే భద్రంగా ఉంటుందని నమ్మకం కుదిరాకే ఎవరైనా ఇష్టంగా పంచుకుంటారు. పెద్దవాళ్ళం మనం కూడా అంతే కదా.

పిల్లలకి ఈ విషయంలో మనకంటే స్పష్టత ఎక్కువ. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో హిల్డీ రాస్ ఇళ్ళల్లో చిన్న తోబుట్టువుల గొడవల్ని పరిశీలించి 1996లో ప్రచురించారు. తల్లిదండ్రులు ఒకసారి వస్తువు ఎవరిదో వాళ్ళ వైపు, ఇంకోసారి అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళ వైపు మాట్లాడుతున్నారు. పిల్లలు మాత్రం ఎక్కువ గొడవల్లో చివరికి ఆ వస్తువు ఎవరిదో వాళ్ళకే వదిలేస్తున్నారు. అంటే నియమం పిల్లలకి తెలుసు. దాన్ని పూటకో రకంగా మార్చేది మనం.

ఇద్దరికీ చెందిన బొమ్మలకి ఇంకో నియమం. ముందు తీసుకున్నవాళ్ళు ఆడుకోవడం అయ్యేదాకా అది వాళ్ళదే. "రెండు నిమిషాలు నువ్వు, రెండు నిమిషాలు వాడు" అని గడియారం పెడితే ఇద్దరి కళ్ళూ గడియారం మీదే ఉంటాయి, ఆట మీద ఉండవు. "అక్కకి అయిపోయాక నీకిస్తుంది నాన్నా, అప్పటిదాకా నా దగ్గర కూర్చో" అని బాబుని ఒళ్ళోకి తీసుకోండి. వాడు ఏడుస్తాడు. ఏడవనివ్వండి. ఎదురుచూడటం కష్టమే, ఆ కష్టంలో మీరు పక్కన ఉంటే చాలు. బలవంతంగా లాక్కోలేదు కాబట్టి కాసేపటికి పాపే బొమ్మ పక్కన పెట్టేస్తుంది. చాలాసార్లు తనే తెచ్చి వాడి చేతిలో పెడుతుంది.

విడదీసేటప్పుడు ఇంకో పని కూడా పూర్తి చేయాలి, ఇది ప్రాణానికి సంబంధించింది. పాప బొమ్మల్లో ఉండే చిన్న చిన్న ముక్కలు, పూసలు, గోళీలు బాబు గొంతులో ఇరుక్కోవచ్చు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల భద్రతకి వాడే పరీక్ష గొట్టం వ్యాసం సుమారు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే ముక్క ఏదీ బాబుకి అందకూడదు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఇంకా ప్రమాదం. మింగిన బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేస్తుంది. మింగాడేమో అని అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పాప ఇలాంటి ఆటలు ఆడుకోవడానికి బాబుకి అందని ఎత్తులో ఒక టేబుల్ కేటాయించండి. బాబు నిద్రపోయే వేళని ఆ ఆటలకి ఉంచితే ఇంకా మంచిది.

ఇంట్లో తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ ఉంటే వాళ్ళకీ ఈ నియమం తెలియాలి. మనవడు ఏడుస్తుంటే వాళ్ళ మనసు ఊరుకోదు. "అత్తయ్యా, వాడు ఏడిస్తే నన్ను పిలవండి, పాప చేతిలోది మాత్రం తీసి ఇవ్వకండి" అని ముందే, గొడవ లేని సమయంలో, నెమ్మదిగా చెప్పి ఉంచండి.

ఒక మాట, ఇద్దర్నీ కలిపి ఆడించాలని తాపత్రయపడకండి. రెండేళ్ళ పిల్లలు ఇంకొకరి పక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారు. దీన్ని మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే వివరించారు. కాబట్టి పాప బొమ్మలు వేసుకుంటుంటే పక్కనే బాబు గిన్నెలు మోగించుకుంటున్నాడంటే వాళ్ళిద్దరూ కలిసి ఆడుకుంటున్నట్టే లెక్క.

గొడవ వచ్చేసింది, ఇప్పుడెలా?

ఎంత సర్దినా గొడవలు వస్తాయి. రావాలి కూడా. వెళ్ళగానే నోట్లోంచి రాకూడని ప్రశ్న ఒకటుంది: "ఎవరు మొదలుపెట్టారు?" దానికి నిజమైన జవాబు మీకు ఎప్పటికీ దొరకదు, పైగా ఇద్దరూ లాయర్లవుతారు.

పాప కట్టిన బ్లాకుల మేడని బాబు ఒక్క తోపుతో పడగొట్టాడనుకోండి. పాప వాణ్ణి నెట్టింది. వాడు వెల్లకిలా పడి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు.

ముందు చేతులు ఆపండి. "కొట్టుకోవడం ఆపండి" అని గది అవతలి నుంచి అరవడం వల్ల ఏమీ ఆగదు. వెళ్ళి, ఇద్దరి మధ్యలో నేల మీద కూర్చోండి. నిలబడి మాట్లాడితే ఇద్దరూ తలెత్తి మీకు ఫిర్యాదు చేస్తారు. కూర్చుంటే ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది. దెబ్బ తగిలిందేమో చూడండి. ఆ తర్వాత కంటికి కనిపించింది మాత్రమే చెప్పండి.

"మేడ పడిపోయింది. తమ్ముడు ఏడుస్తున్నాడు. నీకు చాలా కోపంగా ఉంది."

"ఎంతసేపు కట్టానో తెలుసా! వీడు అన్నీ పాడుచేస్తాడు!"

"అంతసేపు కష్టపడి కట్టావు, పడిపోయింది. కోపం వస్తుంది మరి. వాడికి పడిపోయే చప్పుడంటే ఇష్టం. నెడితే మాత్రం వాడికి దెబ్బ తగులుతుంది, నెట్టడం కుదరదు. నీ మేడ పడకుండా ఉండాలంటే ఏం చేద్దాం?"

ఇక్కడ ఆగండి. ఆ మౌనం మీకు ఇబ్బందిగా ఉన్నా జవాబు మీరు చెప్పొద్దు. కాసేపటికి పాప "నేను టేబుల్ మీద కట్టుకుంటా" అంటుంది. లేకపోతే "వాడికి పడగొట్టడానికి ఇంకోటి కట్టిస్తా" అంటుంది. ఈ రెండోది విన్నప్పుడు కలిగే సంతోషం ఎంత తీర్పు చెప్పినా దొరకదు.

ఇందాక చెప్పిన హిల్డీ రాస్, జూలీ స్మిత్‌తో కలిసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రులకి నేర్పించింది ఇంచుమించు ఇదే వరస. ముందు మాట్లాడుకోవడానికి నియమాలు పెట్టడం, గొడవ దేని గురించో తేల్చడం, ఎవరికి ఎలా అనిపించిందో ఇద్దరి చేతా చెప్పించడం, దారి వాళ్ళనే వెతకమనడం. ఆ పిల్లలు 5 నుంచి 10 ఏళ్ళ వాళ్ళు. అలా మధ్యవర్తిత్వం చేసిన ఇళ్ళల్లో పిల్లలు తమ గొడవల్ని మెరుగ్గా మాట్లాడుకోగలిగారు, ఎదుటివాళ్ళ వైపు నుంచి ఆలోచించడమూ మెరుగైంది. రెండేళ్ళ బాబుకి ఇంత మాట రాదు కాబట్టి వాడి తరఫున మీరే రెండు ముక్కల్లో చెప్పాలి: "నీక్కూడా కావాలి. అడుగు, 'అక్కా ఇవ్వు' అను." రోజూ అలా పలికిస్తుంటే కొన్నాళ్ళకి చెయ్యి వేసే ముందు మాట వస్తుంది.

కొరకడం గురించి అందరికీ టెన్షన్ ఉంటుంది. ఒకటి నుంచి మూడేళ్ళ మధ్య ఇది చాలామంది పిల్లల్లో కనిపించేదే. ముందు దెబ్బ తగిలిన బిడ్డ దగ్గరికి వెళ్ళండి, కొరికిన బిడ్డ దగ్గరికి తర్వాత. గాటు పడిన చోట సబ్బుతో, నీళ్ళతో కడగండి. చర్మం తెగితే డాక్టర్‌కి చూపించండి. కొరికినవాణ్ణి తిరిగి కొరికి "ఎలా ఉంటుందో తెలియాలి" అనేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పెద్దవాళ్ళు కూడా కొరుకుతారని తప్ప వాడికి ఇంకేమీ అర్థం కాదు.

"సారీ చెప్పు" అని వెంటనే పట్టుబట్టాల్సిన పని కూడా లేదు. కోపం చల్లారాక "తమ్ముడికి నొప్పిగా ఉంది, ఏం చేస్తే బాగుంటుంది?" అని అడగండి. తడిగుడ్డ తేవడమో, వాడి బొమ్మ తెచ్చివ్వడమో తనకే తోస్తుంది.

పెద్దపిల్ల వంతు

రెండో బిడ్డ వచ్చాక మొదటి బిడ్డ పరిస్థితిని వియన్నా వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ అడ్లర్ సింహాసనం నుంచి దిగిపోవాల్సి రావడంతో పోల్చాడు. అప్పటిదాకా పక్క తడపని పిల్ల మళ్ళీ తడపడం, ముద్దు ముద్దుగా మాట్లాడటం, "నన్నూ ఎత్తుకో" అనడం, ఇవన్నీ మామూలే. "ఇంత పెద్దదానివి, సిగ్గులేదూ?" అనకండి. కాసేపు ఎత్తుకోండి. అడిగినంతసేపు ఎత్తుకుంటే పిల్లలు తమంతట తామే దిగిపోతారు.

రోజులో పది నిమిషాలు పాపకి ఒక్కదానికే ఇవ్వండి. బాబు నిద్రపోతున్నప్పుడో, ఇంట్లో ఇంకొకరు వాణ్ణి చూస్తున్నప్పుడో, రోజూ ఒకే వేళకి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఏం ఆడాలో పాప ఇష్టం. మధ్యలో నేర్పించడం, సరిదిద్దడం వద్దు. ఈ పది నిమిషాలకి పాపనే ఒక పేరు పెట్టమనండి, అప్పుడు మిగతా రోజంతా "మన టైమ్ సాయంత్రం ఉంది కదా" అని చెప్పడానికి వీలుంటుంది. బాబునీ మర్చిపోవద్దు. పాపకి ఒకప్పుడు అమ్మానాన్న పూర్తిగా తనవాళ్ళుగా ఉన్న రోజులు ఉన్నాయి, వాడికి మొదటి నుంచీ పంచుకోవడమే.

పాపకి పనులు చెప్పండి, బాధ్యత మాత్రం మోపకండి. "తమ్ముడి బట్టలు తెచ్చిపెట్టు తల్లీ" అంటే అది సాయం. "తమ్ముణ్ణి చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అంటే అయిదేళ్ళ పిల్ల మోయలేని బరువు. స్నానాల గదిలో, నీళ్ళున్న బకెట్ దగ్గర, బాల్కనీలో, మెట్ల దగ్గర ఇది అసలు కుదరదు. రెండంగుళాల నీళ్ళలో కూడా పసిపిల్లలు మునిగిపోగలరు, అదీ చప్పుడు లేకుండా. తలుపు కొట్టిన చప్పుడు వినిపిస్తే బాబుని టవల్లో చుట్టి మీతోనే ఎత్తుకెళ్ళండి.

పోలికల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. కానీ పొగడ్తలోనూ పోలిక దూరుతుంది. "నువ్వే నయం, వాడైతే అల్లరోడు" అన్న మాట పాపకి తీపిగానే ఉంటుంది. ఆ తీపి నిలుపుకోవాలంటే తమ్ముడు ఎప్పటికీ అల్లరోడుగానే ఉండాలి. చేసిన పనిని మాత్రం మెచ్చుకోండి: "చెప్పులు నువ్వే వేసుకున్నావే!" అక్కడితో ఆపండి.

పొద్దున బయల్దేరేటప్పుడు

బట్టలు, సంచి, చెప్పులు ముందు రాత్రే తలుపు దగ్గర పెట్టేయండి. ముందు మీరు తయారవ్వండి, తర్వాత పాప, ఆఖర్న బాబు. వాణ్ణి ముందే తయారుచేస్తే బయల్దేరేలోపు మళ్ళీ మార్చాల్సి వస్తుంది. "అయిదు నిమిషాల్లో వెళ్ళాలి" అన్నది రెండేళ్ళవాడికి అర్థం కాని లెక్క. "ఈ కార్లన్నీ బుట్టలో పెట్టేశాక వెళ్తాం" అంటే అర్థమవుతుంది. వాడికి ఎర్ర చొక్కానా నీలం చొక్కానా అని రెండిట్లో ఒకటి ఎంచుకునే అవకాశం ఇవ్వండి. వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం అడగకండి.

రాత్రి ఇద్దర్నీ పడుకోబెట్టడం

ఇద్దర్నీ ఒకేసారి నిద్రపుచ్చాలని చూస్తే ఒకరు నిద్రలోకి జారేటప్పుడు ఇంకొకరు లేపుతారు. మొదలు కలిపి, చివర విడిగా పెట్టుకోండి. స్నానం, పళ్ళు తోముకోవడం, లైట్లు తగ్గించడం, ఒక చిన్న కథ ఇద్దరికీ కలిపి. తర్వాత బాబు పక్క మీదికి. పాప ఇంకో అరగంట మేలుకుని ఉండొచ్చు. ఇది పెద్దయినందుకు దొరికిన లాభమని పాపకి గట్టిగా చెప్పండి. ఎప్పుడూ పెద్దరికం వల్ల వదులుకోవడమే కాదు, ఒకటి దక్కడం కూడా ఉండాలి. ఆ అరగంటలోనే పాప పది నిమిషాలూ పెట్టుకుంటే ఇంకా సులువు.

ఇంట్లో పెద్దవాళ్ళు మీరొక్కరే ఉన్న రాత్రి వేరే ఏర్పాటు కావాలి. బాబుని పడుకోబెట్టేటప్పుడు పాప చేతికి ఒక పని ఇవ్వండి: మసక వెలుతురులో, మీ కాళ్ళ దగ్గర కూర్చుని, బొమ్మల పుస్తకం తిప్పుతూ తన కుక్కపిల్ల బొమ్మకి గుసగుసగా కథ చెప్పాలి. అదీ మూడు రోజులు పగటిపూట ఆటగా ఆడించి అలవాటు చేయండి. రాత్రి తొమ్మిదింటికి, ఒళ్ళో ఏడుస్తున్న పిల్లాణ్ణి పెట్టుకుని కొత్త నియమం నేర్పడం ఎవరి వల్లా కాదు.

స్క్రీన్‌తో ఇద్దర్నీ ఊరుకోబెట్టడం తేలిక కాబట్టి దాని గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ వద్దు, 2 నుంచి 4 ఏళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. ఇద్దరున్న ఇంట్లో చిక్కేమిటంటే పాప చూసేదంతా బాబూ చూస్తాడు. అందుకే పాప స్క్రీన్ టైమ్ బాబు పగటి నిద్రలో పెట్టండి.

డాక్టర్‌తో ఎప్పుడు మాట్లాడాలి

ఒకరు ఇంకొకరికి పదే పదే దెబ్బలు తగిలేలా కొడుతుంటే, ఒక బిడ్డ రెండో బిడ్డ గదిలోకి రాగానే భయంతో ముడుచుకుపోతుంటే, పెద్దపిల్ల తిండి, నిద్ర, మాట వారాల తరబడి తగ్గిపోయి ఉంటే, పిల్లల డాక్టర్‌తో మాట్లాడండి. మీకే కోపం అదుపు తప్పుతోందనిపించినా, రోజంతా ఏడుపు వస్తున్నా అది కూడా డాక్టర్‌కి చెప్పదగ్గ విషయమే. ఆ మాటలు పిల్లలు వింటుండగా చెప్పకండి. ముందుగా ఫోన్ చేసి చెప్పండి, లేదా ఇంకొకరిని వెంట తీసుకెళ్ళి, మీరు మాట్లాడినంతసేపు ఇద్దర్నీ వాళ్ళతో బయట ఉంచండి.